తుడవకూడని జిగురు

ఆయుధపూజ ముందురోజు మధ్యాహ్నం నేనొక తప్పు చేశాను. పసిపిల్లల పళ్లు తోమే మెత్తటి బ్రష్షు ఒకటి కొత్తది కొనుక్కొచ్చి, మా ప్రయోగశాలలో ఉన్న ఉప్పునీళ్ల తొట్టిలో చేయి పెట్టి, నాలుగు పగడాల ఒళ్లు శుభ్రంగా రుద్దాను. తొట్టి నాది కాదు. చేయి పెట్టవద్దని గాజు మీద కాగితం అంటించి ఉంది. ఆ కాగితం అంటించిన అమ్మాయి ఊళ్లో లేదు. ఇవన్నీ తెలిసే చేశాను. నేను రుద్దేస్తున్నది మురికి కాదన్న సంగతి ఒక్కటే నాకు తెలియలేదు.

నేను తిరుపతిలో ఒక కాలేజీ ప్రయోగశాలలో టెక్నీషియన్ని. ఇరవై ఆరేళ్లుగా అదే పని. గాజుసామాను కడగడం, మైక్రోస్కోపులు తుడవడం, పిల్లలు పగలగొట్టినవి ఏరి పారేయడం. మా గదిలో కింద పడిన అన్నం మెతుకు ఏరుకుని తినొచ్చని పక్క విభాగాల వాళ్లు అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు లోపల ఎక్కడో పొంగేది. ఇంట్లో మా ఆవిడ మాత్రం, "ఈ ఇంట్లో మీరు కడగనిది మీ కోపమొక్కటే" అనేది. అందులో కూడా నాకు కడగడం గురించిన మెచ్చుకోలే వినబడేది.

తిరుపతికి సముద్రం లేదు. మూడేళ్ల కిందట మా విభాగానికి ఒక మేడం బదిలీ మీద వచ్చారు. ఆమె వెంట సముద్రం వచ్చింది. తడ దాటి అవతల తీరం నుంచి నీలం డ్రమ్ముల్లో ఉప్పునీళ్లు వ్యానులో వచ్చేవి. కిటికీలు లేని ఒక గదిలో రెండు పెద్ద గాజు తొట్లు అమర్చి, ఎండలాంటి దీపాలు, అలలాంటి పంపులు పెట్టారు. బయట మే నెలలో రోడ్డు మీద తారు కరిగిపోతుంటే లోపల నీళ్లు చల్లగా, ఒకే వేడిలో నిలబడి ఉండాలి. అదంతా చూసుకునేది సత్యవేడు వైపు నుంచి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థిని. వాళ్లది సేద్యం ఇల్లు. ఆ అమ్మాయికి ఇరవై ఏడేళ్లు ఉంటాయి. నన్ను అన్నా అని పిలిచేది.

పగడమంటే నాకు తెలిసింది గుడి వీధుల్లో ఉంగరాల దుకాణాల్లో అమ్మే ఎర్రరాయి. కుజదోషానికి వెండిలో పొదిగించి వేలికి పెట్టుకుంటారు. కాబట్టి దక్షిణాన మన్నార్ సింధుశాఖ నుంచి అనుమతితో పగడాలు తెస్తున్నారంటే నేను ఎర్రగా ఏదో వస్తుందనుకున్నాను. వచ్చినవి పన్నెండు ముద్దలు. పిడికిలంత ఒక్కొక్కటి. లేత గోధుమరంగు. సూదిమొనతో గుచ్చినట్టు ఒళ్లంతా సన్నటి గుంటలు. ఆ అమ్మాయి వాటిలో సగం ఒక తొట్టిలో, సగం ఇంకో తొట్టిలో పెట్టి, రెండోరోజు నన్ను పిలిచి భూతద్దం చేతికిచ్చింది. పిల్లనగ్రోవి లాంటి గొట్టంతో కంటికి ఆనని తిండి ఏదో నీళ్లలో వదిలింది. కాసేపటికి ఆ గుంటల్లోంచి వెంట్రుక మొనల్లాంటి వేళ్లు బయటికొచ్చాయి. వందలు వందలు. రాయి విచ్చుకుంది.

"ఇదేందిమ్మా, రాతికి ఊపిరి ఉండాదా?" అన్నాను.

"రాయి కాదన్నా, ఊరు. ఒక్కో గుంట ఒక్కో ఇల్లు. ఒక్కో ఇంట్లో ఒక్కరు."

"మరి కొళాయి కాడ కొట్లాడుకోరా?"

"కొట్లాడుకోరన్నా. ఇండ్ల మధ్యలో గోడలుండాయి గానీ ఒంటి మీద చర్మం అందరికీ ఒకటే. ఒకరు తిన్నది పక్కింటికి కూడా పోతుంది."

"అట్లయితే ఇది మన ఊరు కాదులే."

ఆ అమ్మాయి నవ్వింది. ఆ జీవుల ఒంటిలోపల ఇంకో జీవి కాపురముంటుందని కూడా ఆరోజే చెప్పింది. కంటికి కనిపించని నాచు. అది వెలుతురుని తిండిగా మార్చి ఇంటివాళ్లకి పెడుతుంది, ఇంటివాళ్లు దానికి చోటిస్తారు. నీళ్లు కాస్త ఎక్కువ వేడెక్కితే ఆ కాపురం చెడిపోతుంది. నాచు వెళ్లిపోతుంది, పగడం తెల్లబడి ఆకలితో నీరసిస్తుంది. అదే అదనుగా రోగాల సూక్ష్మజీవులు మీద పడతాయి. ఇప్పుడు సముద్రాలన్నీ వేడెక్కుతున్నాయి కాబట్టి, ఆ వేడిలో పగడం తనను తాను ఎట్లా కాచుకుంటుంది, ఎంతవరకు కాచుకోగలదు అన్నది ఆ అమ్మాయి చదువు. ఒక తొట్టి ఇరవై ఎనిమిది డిగ్రీల దగ్గర ఉంచింది. రెండోదాన్ని వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచుకుంటూ ముప్పై ఒకటికి తెచ్చింది. ఆ పన్నెండు ముక్కలకు అనుమతి రావడానికే దాదాపు ఏడాది పట్టింది. అవి పోతే ఆమెకిచ్చిన గడువులో ఇంకో ఏడాది గాలికి పోయినట్టే. ఈ సంగతి నాకు బాగా తెలుసు. దరఖాస్తులు టైపు చేయించి తెచ్చింది నేనే.

ఒకరోజు ఆమె, "అన్నా, వీటి మీద ఒక జిగురుంటుంది..." అని ఏదో మొదలుపెట్టింది. నేను గాజుపలకలు లెక్కపెట్టుకుంటున్నాను. "తర్వాత చెబుదువులేమ్మా" అన్నాను. ఆ తర్వాత మళ్లీ అడగలేదు.

ఆయుధపూజకు నాలుగు రోజుల ముందు వాళ్లమ్మకు కంటి ఆపరేషన్ పడింది. ఆ అమ్మాయి ఊరికి వెళుతూ గాజు మీద కాగితం అంటించింది. నాకు విడిగా కూడా చెప్పింది. "అన్నా, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వేడి ఎంత ఉందో చూసి రాయండి చాలు. ఇంకేమీ చేయొద్దు." నేను సరేనన్నాను.

మా దగ్గర ఆయుధపూజ అంటే ప్రయోగశాలకు పండగ. మిగతావాళ్లు బండ్లు కడుగుతారు, మేము మైక్రోస్కోపులు తుడుస్తాం. ప్రతిదానికీ గంధం, కుంకుమ బొట్టు, ఒక బంతిపువ్వు. పూలు కట్టడానికి మా గది ఊడ్చే ఆవిడ ముందురోజే వస్తుంది. ఆమెది తిరుచానూరు. తెల్లవారి గుడి దగ్గర పూలమ్ముకుని, తర్వాత మా దగ్గరికి పనికి వస్తుంది. నేను తుడిచిన గాజునే మళ్లీ తుడుస్తుంటే ఆమె దండ కట్టడం ఆపి చూసింది.

"సారూ, ఇంక తుడిస్తే ఆ గాజుకు సిల్లు పడతాది."

"నువ్వు పూలు కట్టుకో. గాజు సంగతి నాకొదిలెయ్."

"సరే గానీ, ఆ ఉప్పునీళ్ల తొట్టిలో ఏందో పేలికలు ఊగతా ఉండాయి సూడు. వాటినట్లే పెట్టుకుని పూజ చేస్తావా ఏంది?"

వెళ్లి చూశాను. వేడి తొట్టిలోని పగడాల మీద బూడిదరంగు పొర ఒకటి కప్పుకుని ఉంది. దుమ్ము, నలుసులు దానికి అంటుకుని, అంచుల్లో ఊడి, చీకిన గుడ్డలా నీళ్లలో ఊగుతోంది. రెండో తొట్టిలోవి బాగానే ఉన్నాయి. నా గదిలో, పూజ ముందురోజు, ఇంత మురికి.

బ్రష్షు కొనుక్కొచ్చి చొక్కా చేతులు మడుస్తుంటే పూలు కట్టే ఆవిడే అంది. "ఆ పాప చేయి పెట్టొద్దని రాసి పెట్టింది కదా సారూ?"

"అది నీకూ నాకూ కాదులే. చేతకానోళ్లకు రాసింది."

"నాకు చదువు రాదు, నాకు రాసుండదు. నీకొచ్చు కదా."

నేను వినలేదు. పసిబిడ్డకు నలుగు పెట్టినంత మెత్తగా రుద్దాను. పొర పెద్దపెద్ద ముక్కలుగా లేచి వచ్చింది. వల మాదిరి గుడ్డతో వాటిని తోడి పారేశాను. అడుగున లేత గోధుమరంగు నిగనిగలాడింది. సంతోషం వేసింది. ఆ అమ్మాయి వచ్చి చూసి ఎంత మురిసిపోతుందోనని కూడా అనుకున్నాను. ముందున్న నాలుగూ అయ్యాక, వెనకమూల పంపు పక్కనున్న రెండింటికీ నా చేయి అందలేదు. వేడి చేసే కడ్డీ అడ్డం వచ్చింది. సరే, కనిపించవులే అని వదిలేశాను. ఆ రెండింటి అదృష్టం నా చేయి పొట్టిదవడం.

మర్నాడు తొట్టి గాజుకు గంధం, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ బొట్టు ఫొటో తీసి ఆ అమ్మాయికి పంపాను. దండం పెడుతున్న చేతుల బొమ్మ ఒకటి తిరిగి వచ్చింది. సెలవు రెండు రోజులూ రెండు పూటలా వచ్చాను. వేడి చూసి రాసి వెళ్లాను. ముప్పై ఒకటి. ముప్పై ఒకటి. నాకు చూడమన్నది అంకెనే కాబట్టి అంకెనే చూశాను.

మూడోరోజు పొద్దున ఆ అమ్మాయి సత్యవేడు బస్సు దిగి నేరుగా గదికి వచ్చింది. సంచి భుజాన్నే ఉంది. నేను వాళ్లమ్మ కన్ను ఎట్లా ఉందని అడగబోతున్నాను.

"అన్నా, ఇట్లా రాండి."

ముందున్న నాలుగింటి మీదా తెల్లటి మచ్చలు. ఒకదాని అంచున కండ తడిసిన కాగితంలా ఊడిపోతోంది. దాని కింద ఒట్టి ఎముక లాంటి తెలుపు. నీళ్ల దగ్గర ఏదో కుళ్లిన వాసన, సన్నగా.

"కరెంటు పోయిందా అన్నా?"

"లేదమ్మా."

"వేడి పెరిగిందా?"

"ముప్పై ఒకటే ఉండె. రాసిపెట్టినాను చూడు."

రెండూ నిజాలే. ఆ రెండు నిజాలతో నేను ఒక అబద్ధం కట్టాను. నాలుక చివరిదాకా వచ్చిన మాటను ఆ అమ్మాయి మొహం చూసి మింగేశాను. కాసేపయ్యాక చెబుదాం అనుకున్నాను. ఆమె సంచి కింద పెట్టకుండానే సూది లేని సిరంజి తీసుకుని రెండు తొట్లలోని ముక్కల మీద నుంచీ ఏదో పీల్చి, చిన్న గాజు పళ్లేల్లో చుక్కలు పెట్టింది. పళ్లేలను వెచ్చటి పెట్టెలో పెట్టింది. మధ్యాహ్నం అన్నం తినలేదు. నేను తిన్నాను. సాయంత్రం టీ కూడా తాగాను.

మర్నాడు పొద్దున ఆమే నన్ను పిలిచింది. తనకు ఎవరితోనైనా చెప్పుకోవాలని ఉన్నట్టుంది. ఒక పళ్లెం వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. పళ్లెం నిండా పాలమీగడ లాంటి పొర పరుచుకుని ఉంది.

"ఇదంతా రోగం బాక్టీరియా అన్నా. పళ్లెమంతా నేనే నాటినాను, వరి నారు పోసినట్టు. దాని మీద పగడం జిగురు ఒక్కో చుక్క పెట్టినాను. ఈడ చూడండి, ఇది చల్లటి తొట్టిలోని పగడం చుక్క."

ఆ చుక్క చుట్టూ గుండ్రంగా, గీత గీసినట్టు, ఏమీ మొలవలేదు. గాజులోంచి అవతల ఆమె వేలు కనిపిస్తోంది. చుట్టూ అంత మంద ఉండి కూడా ఆ గీత దాటి ఒక్కటి లోపలికి రాలేదు.

"ఆ జిగురులో ఏముందమ్మా?" అని అడిగాను. అడగాల్సిన రోజు అడగని ప్రశ్న.

"అన్నీ ఉండాయి. పగడం ఆ జిగురును తానే చెమట మాదిరి కార్చుకుంటుంది. దుమ్ము, పురుగు, బాక్టీరియా, మీద ఏది పడినా దాంట్లో చిక్కుకుంటుంది. మురికి ఎక్కువైతే పాము కుబుసం విడిచినట్టు మొత్తం పొరను విడిచేసి కొత్తది కప్పుకుంటుంది. వేడికి ఇబ్బంది పడినప్పుడు ఇంకా ఎక్కువ కారుస్తుంది. ఇంకోటుండాదన్నా. ఆ జిగురులో మంచి బాక్టీరియా కాపురముంటుంది. అవి చేసే మందే ఈ గీత. బయటి రోగాన్ని అవి రానీవు."

"బాక్టీరియాను బాక్టీరియా కాపలా కాస్తుందా?"

"మీ ఇంట్లో పెరుగు తోడు పెట్టరా? ఆ తోడు ఏంది మరి? మంచి తోడు పడిన పాలల్లో చెడ్డది చేరదు కదన్నా."

అప్పుడు మైక్రోస్కోపు కింద చిన్న పగడపు ముక్కను పెట్టి, దాని మీద బొగ్గుపొడి నలుసు ఒకటి వేసి, కన్ను పెట్టమంది. నేను ఆ మైక్రోస్కోపును ఎన్ని వందలసార్లు తుడిచానో చెప్పలేను. దాంట్లోంచి ఇంతసేపు ఎప్పుడూ చూడలేదు. నలుసు కాసేపు ఊరకే ఉంది. తర్వాత కదిలింది. ఎవరూ తొయ్యడం లేదు. నీళ్లు నిలకడగా ఉన్నాయి. ఆ జీవి ఒంటి మీద కంటికి అందనంత సన్నటి నూగు ఉంది, అదంతా ఒకే వైపుకు, గాలికి వరిచేను వాలినట్టు వాలుతోంది. ఆ నూగు అలల మీద నల్లటి నలుసు జిగురులో చుట్టుకుని, ఇంటి మీద నుంచి ఇంటికి, గుంట అంచు మీద నుంచి అంచుకు జరుగుతూ పోయి, చివర పడిపోయింది. దానికి చేతుల్లేవు. కళ్లులేవు. మెదడు అసలే లేదు. ఎన్ని కోట్ల ఏళ్లుగా సముద్రం అడుగున ఈ ఊడవడం జరుగుతోందో! దాని ఇంటిని శుభ్రం చేయడానికి నేను బయల్దేరాను.

కన్ను తీయలేకపోయాను. తీస్తే ఆ అమ్మాయిని చూడాలి.

"గాయమైతే?" అన్నాను, తలెత్తకుండానే.

"గాయమైతే చుట్టూ గులాబీరంగు కడుతుంది. ఒంట్లో కొన్ని కణాలు కాపలా తిరుగుతా ఉంటాయి, లోపలికొచ్చిన దాన్ని మింగేస్తాయి. మనకున్నట్టు రోగాన్ని గుర్తుపెట్టుకునే అంత ఏర్పాటు దానికి లేదంటారు. ఉన్నదాంతోనే ఇంత చేస్తుంది." ఆమె ఇంకో పళ్లెం అందుకుంది. "ఇంత ఉండి కూడా నా దగ్గర నిలబడలేదన్నా. ఇది చూడండి."

రెండో పళ్లెం చూపించింది. వేడి తొట్టిలోవి. ముందున్న నాలుగింటి చుక్కల చుట్టూ గీత లేదు. మీగడ చుక్కల మీదికే ఎక్కేసింది. వెనకమూల రెండింటి చుట్టూ మాత్రం సన్నగా, నెలవంక మందాన, గీత నిలిచి ఉంది.

"ఈ రెండే ఎందుకు నిలబడినాయో రాత్రంతా ఆలోచించినాను. అవి పంపు పక్కన ఉండాయి. నీళ్లు బాగా ఆడతాయి. నీళ్లాడే చోట వేడిని తట్టుకుంటాయి, నిలవ నీళ్లలో తట్టుకోలేవు. అంతే అయ్యుండాలి. నేను ఊరికి పొయ్యేముందు తొందరపడి అర డిగ్రీ పెంచినాను, తప్పు నాదే. మేడంకు అట్లే రాసిస్తా."

కాగితం ముందు పెట్టుకుని కలం మూత తీసింది. నేను చేతులు కడుక్కోవాలన్నట్టు సింకు దగ్గరికి వెళ్లాను. నీళ్లు తిప్పాను. వెనక కలం గీసుకుంటున్న చప్పుడు. అప్పటిదాకా నాకు భయం నా గురించే. ఇరవై ఆరేళ్ల పేరు, మేడం ఏమంటారో, పక్క విభాగాల వాళ్లు ఏం నవ్వుకుంటారో. ఆ చప్పుడు వింటే తెలిసింది, నేను ఇంకొక్క నిమిషం ఊరుకుంటే నా మౌనం ఒక శాస్త్రం అయిపోతుందని. పంపు పక్కన పగడం బతుకుతుందని ఆ అమ్మాయి రాస్తుంది. రేపు ఇంకెవరో అది చదివి నమ్ముతారు. చేయని తప్పు ఆ అమ్మాయి మోస్తుంది.

కొళాయి కట్టేశాను.

"అమ్మా, పంపు కాదు."

"ఏందన్నా?"

"ఆ రెండూ నా చేతికి అందలేదు."

ఆమెకు అర్థం కాలేదు. నేను అంతా చెప్పాను. బ్రష్షు, పేలికలు, నలుగు, అన్నీ. గది ఊడ్చే ఆవిడ గుమ్మంలో చీపురుతో నిలబడి ఉంది.

"నేనే సూపించినాను పాపా, పేలికలని," అంది ఆవిడ.

"లేదమ్మా, ఆమె వద్దనింది. నేనే వినలేదు."

ఆ అమ్మాయి రాసిన కాగితం పక్కకు నెట్టి కొత్త కాగితం తీసుకుంది. "ఎప్పుడు?"

"పూజ ముందురోజు. మూడు, నాలుగు మధ్య."

"ఒక్కోదాన్ని ఎంతసేపు?"

"అయిదు నిమిషాలు ఉంటుంది."

"అన్ని వైపులా?"

"అడుగు తప్ప."

డాక్టరు అడిగినట్టు అడిగింది, రాసుకుంది. నేను తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను. తిట్టలేదు. కలం పక్కన పెట్టి నా వైపు చూసి అంది:

"తెలియక తోమినారు, సరే. నిన్న పొద్దున అడిగినా కదన్నా. నిన్నంతా నన్ను నేను తిట్టుకుంటా ఉండాను. మీరు ఈడనే కూర్చోని టీ తాగతా ఉండారు."

నేను ఆ రెండు పళ్లేలూ చేతిలోకి తీసుకున్నాను.

మేడం గదికి ఇద్దరం వెళ్లాం. నేను ముందు నడిచాను. ఆవిడ అంతా విని, పళ్లేలు రెండూ వెలుతురుకు పెట్టి చూసి, నిట్టూర్చారు. "చూడ్డానికి ఎంత బాగుందో. జిగురున్నవి బతికినాయి, లేనివి పోయినాయి. కానీ ఇది ఫలితం కాదు, ప్రమాదం. ఎంత తోమారు, ఎంత గీరుకుంది, ఎవరు చెప్పగలరు? దీన్ని థీసిస్‌లో పెట్టలేం. మళ్లీ ముక్కలు తెచ్చుకుని మొదటి నుంచీ చేయాల్సిందే." నా వైపు తిరిగి, "రిజిస్టర్లో రాయండి. మీ మాటల్లోనే, మీ సంతకంతో" అన్నారు. రిజిస్టర్ తెచ్చి ఆవిడ ముందే రాసి సంతకం పెట్టాను.

ఆరోజే వేడి తొట్టిని మెల్లగా చల్లబరచడం మొదలుపెట్టింది ఆ అమ్మాయి. వారంలో రెండు ముక్కలు పూర్తిగా పోయాయి. మూడోదానికి సగం ఒళ్లు మిగిలింది. నాలుగోదాన్ని నేను రోజూ పొద్దున అందరికంటే ముందు వచ్చి చూసేవాణ్ని. నా బ్రష్షు గట్టిగా తగిలిన చోట బొటనవేలంత తెల్లటి గాయం. కొన్నాళ్లకు దాని చుట్టూ ఆ అమ్మాయి చెప్పిన గులాబీరంగు కట్టింది. మొదట గీతంత. తర్వాత వత్తంత. నేను చూస్తున్నది ఒక జీవి తన పొలిమేరకు కంచె వేసుకోవడం. కంచె అవతల చావు, ఇవతల ప్రాణం. ఇంకొన్నాళ్లకు గాయం లోపలికి, అంచుల నుంచి, లేత చర్మం జరిగింది. ఒక పొద్దున దాని మీద వెలుతురు పడితే సన్నగా మెరిసింది. జిగురు. అంత సంతోషం నా పిల్లలు పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదని చెబితే ఇంట్లో వాళ్లకు కోపమొస్తుంది గానీ, నిజం అదే.

ఒకరోజు ఆ మెరుపు చూస్తూ అడిగాను. "ముప్పై ఒకటికే ఇంత అవస్థ పడితే, సముద్రంలో వాటి గతేందమ్మా? అక్కడ చల్లబరచడానికి ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరన్నా. వేడి ఎక్కువైతే ఆ మంచి బాక్టీరియానే తగ్గిపోతుంది. అప్పుడు ఎవరూ తోమకుండానే కాపలా పోతుంది." ఆ సంఘటన తర్వాత ఆమె నాతో అంత పొడుగు మాట మాట్లాడింది అదే మొదటిసారి.

అనుమతి కోసం మళ్లీ దరఖాస్తు పెట్టాం. ఆ కాగితాల వెంట నేనే తిరిగాను. ఏ ఆఫీసులో ఏ బల్ల మీద ఆగిందో కనుక్కుని, ఆ బల్ల ముందు నిలబడ్డాను. కారణం రాయాల్సిన చోట "నిర్వహణలో టెక్నీషియన్ పొరపాటు" అని టైపు చేయించాను. ఆ అమ్మాయి చదివి, "ఇంత అవసరం లేదన్నా" అంది. ఉంచమన్నాను. ఉప్పునీళ్ల వ్యానులో తెల్లవారుజామున తీరానికి పోయే పని ఎవరూ ఇష్టపడేవారు కాదు, దాన్ని నా పేరు మీద వేసుకున్నాను. కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలకు గది చూపించేటప్పుడు రిజిస్టర్లో ఆ పేజీ తెరిచి చదివి వినిపించడం కూడా మొదలుపెట్టాను. ఒకడు, "సార్, మీరే తోమినారా?" అని పకపకా నవ్వాడు. నేనేనప్పా, అన్నాను.

ఎనిమిది నెలలకు అనుమతి వచ్చింది. ముక్కలు తేవడానికి వ్యాను దక్షిణానికి పోతుంటే నేనూ వస్తానని మేడంను అడిగాను. తిరుగు ప్రయాణంలో ఆ అమ్మాయి డ్రైవరు పక్కన, నేను వెనక పెట్టెల దగ్గర కూర్చున్నాం. తెల్లవారకముందే బయల్దేరాం. ప్రతి పెట్టెలో ఒక చిన్న గాలి పంపు బుడబుడమంటూ ఉండాలి. ఏ బుడబుడ ఆగినా నేను చెప్పాలి, అంతే నా పని. డ్రైవరు తమిళం కలిసిన తెలుగులో, "ఏం సార్, కాలు నొప్పి లేదా? ముందుకు రాండి, రెండు నిమిషాలు కాపీ తాగుదాం" అని రెండుసార్లు బండి ఆపాడు. కాఫీ లోపలికే తెప్పించుకున్నాను. మధురై దాటాక ఒక పంపు ఆగింది. చెప్పాను. ఆ అమ్మాయి దిగి వచ్చి బ్యాటరీ మార్చింది. మళ్లీ బుడబుడ మొదలయ్యేదాకా ఇద్దరం వంగి చూశాం.

సాయంత్రం వెలుతురుండగానే తిరుపతి చేరాం. దూరం నుంచి వచ్చిన నీళ్లలోంచి పగడాలను ఒక్కసారిగా మన నీళ్లలో వేయకూడదు. పెట్టెలోకి తొట్టి నీళ్లు కొద్దికొద్దిగా కలుపుతూ అలవాటు చేయాలి. ఆ అమ్మాయి గడియారం పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. నాకు ఒక గాజు గ్లాసు ఇచ్చింది.

"అయిదు నిమిషాలకు ఒక గ్లాసు అన్నా. అంచు వెంబడి పొయ్యండి. పగడం మీద పడకూడదు."

"నువ్వు చెప్పు, పోస్తాను."

"పొయ్యండి."

పోశాను. ఆమె మళ్లీ పొయ్యమనేదాకా గ్లాసు పట్టుకుని నిలబడ్డాను.